షార్జాలో ఒక హొయ్‌సాన్ గొంతు

దుబాయ్ నుంచి వచ్చాక మా చర్చి సంఘంలో ప్రతివాళ్లూ అడిగింది ఒక్కటే: ఆ ఎత్తయిన మేడ ఎక్కావా అని. ఎక్కలేదు. టాక్సీ కిటికీలోంచి చూశాను, మెడ నొప్పెట్టింది. బంగారు బజారుకు వెళ్లాను, ఏమీ కొనలేదు. ఒంటె ఎక్కలేదు. అక్కడున్న రోజుల్లో ఎక్కువ భాగం షార్జాలో ఒక చైనా ముసలమ్మ మంచం పక్కన, ఆమె మాట తెలిసిన మనిషిని వెతకడంలో గడిచిపోయింది. స్త్రీల కూటంలో ఈ సంగతి సాక్ష్యంగా చెప్పమన్నారు. సాక్ష్యమంటే చివర జయం ఉండాలి కదా. నిలబడి చెప్పలేక, కూర్చుని రాస్తున్నాను.

కరామా

మాది నరసాపురం దగ్గర ఊరు. సండే స్కూలు పిల్లలకు వాక్యం, పాటలు నేర్పుతాను. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తేదీ నేనే. నా చెల్లెలు గ్రేసు దుబాయ్‌లో నర్సు. ఆస్పత్రిలో కాదు, మంచం పట్టిన రోగులను ఇళ్లకు వెళ్లి చూసుకునే పని. 2023 జనవరిలో తనే టికెట్ పంపి రమ్మంది.

గ్రేసు కరామా అనే పేటలో ఒక పాత ఫ్లాటులో మరో అయిదుగురితో కలిసి ఉంటుంది. హాలును పరదాలతో మూడు భాగాలు చేసుకున్నారు. ఇద్దరిది కాకినాడ, ఒకామెది గుంటూరు, మిగిలిన ఇద్దరు మలయాళీలు. మంచం పక్క గోడకు ఎవరి వాక్యం కార్డు వారిది. ఉప్పుచేప వేయించాలంటే కిటికీలు మూసి, తలుపు కింద తడిగుడ్డ పెట్టాలి. లేకపోతే పై అంతస్తు నుంచి ఫిర్యాదు వస్తుంది. మా ఊళ్లో ఉప్పుచేప వాసన వస్తే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని వస్తారు.

కింద హోటల్లో ఇడ్లీ ప్లేటు పది దిర్హమ్‌లు. నేను వేళ్లు మడుస్తుంటే గ్రేసు నా చెయ్యి పట్టుకుంది.

"మన డబ్బుల్లోకి మార్చకే అక్కా. మార్చావంటే గొంతు దిగదు. మొదటి నెల్లో నేను అట్టాగే నాలుగు కేజీలు తగ్గిపోయాను."

"తగ్గింది ఎక్కడే? కనపడదే!"

"తర్వాత మార్చడం మానేశాగా."

పదకొండో అంతస్తు

గ్రేసు రోజూ వెళ్లే ఇల్లు షార్జాలో, ఒక పొడవాటి భవనం పదకొండో అంతస్తులో. రోగి ఎనభై దాటిన చైనా ముసలమ్మ. గుండె బలహీనపడి కాళ్లకు నీరు పట్టింది. ఇంకెంతో కాలం లేదని డాక్టర్లు చెప్పేశారు. ఇంతకు ముందు చూసిన నర్సు ఆమెను పోపో అని పిలిచేదట. అమ్మమ్మ అని అర్థం. గ్రేసూ అదే పిలుపు కొనసాగించింది. ఇంట్లో ఉండేది పోపో, ఆమె కోడలు మిన్, ఇద్దరే. మిన్‌కు నలభై ఏళ్లుంటాయి. చైనా బజారులో కుళాయిలు, పింగాణీ పలకలు అమ్మే దుకాణం నడుపుతుంది. తను లేని వేళ ముసలావిడకు తోడుంటానంటే నన్నూ రమ్మంది.

ఆ ఇంటి కష్టం గ్రేసు బస్సులోనే చెప్పింది. పోపో కొడుకు 2020లో ఆ కరోనా జబ్బుతో పోయాడు. అంబులెన్సుకు ఫోన్ చేసి పంపింది మిన్. అంతే, మళ్లీ చూడనివ్వలేదు. మిన్‌ది ఉత్తర చైనా. పోపోది దక్షిణాన సముద్రం దగ్గర హొయ్‌సాన్ అనే సీమ. ఇద్దరూ చైనావాళ్లే అయినా ఒకరి మాట ఒకరికి రాదు. శ్రీకాకుళం మనిషికీ తెలంగాణ మనిషికీ ఉన్నంత తేడా కాబోలు అనుకున్నాను. అలా కాదట. మన తెలుగుకూ బెంగాలీకీ ఉన్నంత దూరం. మధ్యలో కొడుకు ఉన్నన్నాళ్లూ ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చేవాడు. అతను పోయాక ఆ ఇంట్లో మాట కూడా పోయింది. నొప్పి, వద్దు, నీళ్లు: పోపోకు కోడలి భాషలో ఈ మాత్రమే వచ్చు. ఆవిడ సొంత ఊళ్లో దగ్గరివాళ్లెవరూ మిగల్లేదు, ఎప్పుడో సముద్రాలు దాటి వెళ్లిపోయారు. ఫోను చెవి దగ్గర పెడితే ఆవిడకు వినపడదు, మనిషి పెదవులు ఎదురుగా కనబడాలి.

నేను వెళ్లిన మొదటి రోజు పోపో నన్ను పైనుంచి కిందికి చూసి, కళ్లు మూసుకుంది. మందుల వేళకు తన మాత్రలు తనే లెక్కపెట్టుకుంది. యిత్, ఙి, హ్లాం. ఆ మూడో అంకె దగ్గర నేను ఆగిపోయాను. అది లకారం కాదు, సకారం కాదు. నాలుక కొనను పైపళ్ల వెనక ఆనించి, రెండు పక్కల నుంచీ గాలి వదిలితే వచ్చే శబ్దం. ఒక్క శబ్దం నోట పలకనందుకు బైబిల్లో యొర్దాను రేవుల దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ రోజు అద్దం ముందు నిలబడి ప్రయత్నిస్తే నాకూ రాలేదు.

ఆవిడ గొంతులో ఇంకో విశేషం ఉంది. ప్రతి మాటకూ దాని ఎత్తు దానికే ఉంది. కొన్ని మాటలు మధ్యలో నిలబడతాయి, కొన్ని కింద పడుకుంటాయి, కొన్ని చివర కాస్త జారుతాయి. పాట నేర్పేదాన్ని కనుక నా చెవి అర్థం లేకుండానే ఆ ఎత్తుపల్లాలను పట్టుకుంది. నాలుగో రోజో అయిదో రోజో, ఆవిడకు ఎదురుగా కూర్చుని ఒక పాత కీర్తన పైకే పాడుకుంటుంటే, రెండో వరుసను పోపో అందుకుంది. మాటలు వేరు, రాగం అదే. మా గోదావరి ఒడ్డుకు వచ్చిన మిషనరీ దొరలే ఆవిడ ఏటి ఒడ్డుకూ వెళ్లి ఉంటారు. ఈమె మన విశ్వాసి!

ఆ సాయంత్రమే అసలు సంగతి చూశాను. మిన్ దుకాణం నుంచి వచ్చి, గంజి, అల్లం వేసి ఆవిరి మీద ఉడికించిన చేప బల్ల మీద పెట్టింది. గ్రేసు పోపోను చక్రాల కుర్చీలో బల్ల దగ్గరికి తెచ్చింది. మిన్ చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. పోపో కూడా ముట్టలేదు. కాసేపటికి ముసలావిడ గిన్నె వైపు చూస్తూ, రోజూ మాట్లాడే గొంతుతో కాక కాస్త బొంగురుగా, నాలుగు అక్షరాలంత చిన్న మాట ఏదో అంది. తర్వాత చెంచా ఎత్తింది. అప్పుడు మిన్ తినడం మొదలుపెట్టింది.

"రోజూ ఇంతే. కొడుకు పోయినప్పటి నుంచి రాత్రి భోజనం దగ్గర ఇదే మాట," అంది గ్రేసు నా చెవిలో.

మిన్ గిన్నెలు కడుగుతూ ఇంగ్లీషులో మాతో అంది: "నన్ను శపిస్తోందనుకుంటాను. నేను ఫోన్ చేయకపోతే కొడుకు ఇంట్లోనే ఉండేవాడని. ఆమె వెళ్లిపోయేలోగా అదేమిటో నాకు తెలియాలి. తిట్టయినా సరే."

మిస్టర్ లౌ

మా తెలుగు ఆరాధన జరిగే ప్రాంగణంలోనే మరెన్నో భాషల సంఘాలు కూడతాయి. ఒక హాల్లో ఫిలిప్పీన్స్ వాళ్ల గిటారు, పక్క హాల్లో ఇథియోపియా వాళ్ల డోలు, మేడ మీద తమిళులు. బయట చెప్పులన్నీ కలిసిపోతాయి. అపొస్తలుల మాటలను ప్రతివాడూ తన సొంత భాషలో విన్న పెంతెకొస్తు దినం నాకు అక్కడ గుర్తొచ్చింది. చైనా సంఘం నాలుగో హాలు. ఆరాధన అయ్యేదాకా గుమ్మంలో నిలబడి, హొయ్‌సాన్ వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాం. లేరు. హాంకాంగ్ నుంచి వచ్చిన మిస్టర్ లౌ అనే పెద్దాయన మాత్రం ఆగాడు. ఏదో కంపెనీలో లెక్కలు చూస్తాడట.

రోగి మాటలు రికార్డు చేస్తే గ్రేసు ఉద్యోగం ఊడుతుంది. అందుకని రాత్రి భోజనం దగ్గర పోపో పలికే ఆ మాట రాగం నాకు గుర్తున్నంత వరకు కూనిరాగం తీశాను. ఆయన నవ్వాడు.

"సిస్టర్, ఇది సీసా. లోపల మందు ఏది?"

వచ్చే వారం తనే వచ్చి చూస్తానన్నాడు. తన భాష, పోపో భాష అక్కచెల్లెళ్లలాంటివట. ఈలోగా ఆమె దగ్గర చెప్పండంటూ ప్రభువు నేర్పిన ప్రార్థనను తన కాంటనీసులో నిదానంగా పలికాడు. నేను ఆరాధన కాగితం వెనక తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను.

కూటం

ఇక్కడే మావాళ్లు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు చేశాం. మాకు ఏదైనా జ్ఞాపకం ఉండాలంటే రాగం కట్టాలి. లేఖన భాగాలు, అపొస్తలుల పేర్లు, పది ఆజ్ఞలు అన్నీ నేను పిల్లలకు పాటగానే నేర్పాను. కరామా ఫ్లాటులో ఆ సాయంత్రం ఆ చైనా ప్రార్థనకు మంచి కరుణ పుట్టే రాగం కట్టాను. కాకినాడ అమ్మాయిలు ఒక గంటలో నేర్చేసుకున్నారు. గుంటూరు విజయ తాళం వేసింది. అందరికీ కళ్లు చెమ్మగిల్లాయి.

మంగళవారం అయిదుగురం పోపో మంచం చుట్టూ నిలబడి, ఆ ప్రార్థనను గొంతు వణక్కుండా, శ్రుతి తప్పకుండా పాడాం. పోపో మొదట శ్రద్ధగా చూసింది. మా పెదవులను ఒక్కొక్కరివీ వెతికింది. రెండో వరుసకు ఆవిడ నుదురు ముడిపడింది. పూర్తయ్యేసరికి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటి కింద భుజాలు కదులుతున్నాయి.

"ఆత్మ తాకింది," అంది విజయ.

గ్రేసు విజయ వైపు చూసింది. "తాకలేదే. ఇన్నాళ్లకు తన మాట వినబడుతుందనుకుంది. వినబడలేదు."

గురువారం మిస్టర్ లౌ వచ్చి, మేం చేసింది విని, చాలాసేపు కణతలు రుద్దుకున్నాడు. "మా మాటకు ఎత్తే ప్రాణం. మీరు దానికి వేరే రాగం తొడిగారు. రాగం మాటను తినేసింది. చిన్నప్పటి నుంచి వచ్చిన కీర్తనయితే మేం సర్దుకుంటాం. కొత్తదయితే అది మాకు ఏ భాషా కాదు," అన్నాడు. ఆయన పలికే మాటలు పోపోవి కన్నా ఎత్తులో ఉన్నాయని నేనూ గమనించాను. పరలోకాన్ని ఆయన థీన్ అని పైస్థాయిలో అంటాడు. పోపో హెన్ అని మధ్యలోనే అంటుంది. ఆయన మాట్లాడితే ఆవిడ బడిలో పంతులుగారికి జవాబు చెప్పినట్టు బిగుసుకుని, ముక్తసరిగా, పట్నం మాటలు నాలుగు వెతికి చెప్పింది. ఆయనకు సగమే అర్థమైంది.

"ఈమెకు తన ఊరి మనిషి కావాలి. షార్జా శివారు సజ్జాలో ఒక కంపెనీ వంటశాలలో హొయ్‌సాన్ వంటాయన ఉన్నాడని విన్నాను," అని చెప్పి వెళ్లాడు.

ఆ వారంలో పోపో గంజి సగం గిన్నెకు తగ్గింది.

సజ్జా

సజ్జాలో మాకు తెలిసిన మనిషి ఒక్కడే, రాజమల్లు. జగిత్యాల వైపు పల్లె. అక్కడే కూలీల క్యాంపులో ఉంటూ ఇనుప కడ్డీలు వంచే పని చేస్తాడు. ఒకసారి చెయ్యి తెగితే గ్రేసు కట్టు కట్టింది. ఫోన్ చేసి చైనా వంటాయన సంగతి అడిగితే పెద్దగా నవ్వాడు.

"మోయ్ భాయా? నాకెందుకెర్క లేదక్కా! ఆయన గుడ్డు వేపితే మా క్యాంపు దాక వాసనొస్తది. మా ముదీర్, గదే మేనేజరు, గూడ ముక్కెగబీలుస్తడు."

"మీరిద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారు బాబూ?" అన్నాను.

"హిందీల. ఆయనకు సగమొస్తది, నాకు సగమొస్తది. రెండు కలిపితే ఒక హిందీ."

సజ్జాలో చెట్టన్నది చూడలేదు. దుమ్ము, లారీలు, వరసగా రేకుల గదులు, వాటి ముందు తాళ్ల మీద ఆరేసిన నీలం చొక్కాలు. ఒక గదిలోపల హిందూ దేవుళ్ల పటాలు, ఊదుబత్తి. రాజమల్లు మాకు దిర్హమ్‌కు ఒకటి చొప్పున చిక్కటి టీ ఇప్పించి, డబ్బు తీయబోతే కసిరాడు. మోయ్ వంటశాల వెనక బకెట్ మీద కూర్చుని సిగరెట్ తాగుతున్నాడు. యాభై ఏళ్ల మనిషి, పొట్టి, మెడలో తడి తువాలు. రాజమల్లు హిందీలో సంగతంతా చెప్పాడు. మోయ్ తల అడ్డంగా ఊపాడు. ఎవరి తల్లినో చూడటానికి సెలవు దినం ఎందుకు పాడుచేసుకోవాలి, నా తల్లినే చూసి నాలుగేళ్లయింది అన్నాడట.

నేను ఆయన ముందుకు వెళ్లాను. "ఆవిడ మాత్రలు ఇలా లెక్కపెట్టుకుంటుంది," అని తెలుగులోనే అంటూ వేళ్లు చూపించాను. యిత్, ఙి... మూడోది బుగ్గలనిండా గాలి పట్టి వదిలాను.

"అక్కా, నోట్లె వేడి పప్పు పెట్టుకున్నట్టున్నది," అన్నాడు రాజమల్లు.

మోయ్ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నన్ను దిద్దాడు. "హ్లాం." మళ్లీ అన్నాడు, "హ్లాం." మూడోసారి అనేటప్పటికి నవ్వు లేదు. సిగరెట్ బూటు కింద నలిపి, రాజమల్లుతో ఏదో అన్నాడు.

"శుక్రారం వస్తడట. ఉప్పుచేప తెస్తడట. యల్లా, లేవుండ్రి, మనసు మార్చుకోకముందే పోదాం!"

బల్ల దగ్గర

శుక్రవారం మోయ్ తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఒక డబ్బాతో, రాజమల్లును వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి పోపో వైపు వంగి, పెదవులు కనబడేలా ఒక మాట అన్నాడు. ఏ ఊరమ్మా మీది అని అడిగాడట.

పోపో ఆయన పెదవుల వైపే చూసింది. ఆయన మళ్లీ అడిగాడు. అప్పుడు ఆవిడ నోరు తెరిచింది. అన్ని రోజులుగా నేను విన్న గొంతు అది కాదు. పెద్ద గొంతు, గబగబా, ఎగుడుదిగుడుగా, చేపల సంతలో బేరమాడే మా వాళ్ల గొంతులా. మోయ్ నవ్వుతున్నాడు, మధ్యలో అడ్డం వస్తున్నాడు, ఆవిడ చెయ్యి విసురుతోంది.

"ఏమంటోంది?" అన్నాను ఆత్రంగా.

రాజమల్లు మోయ్‌ని అడిగి చెప్పాడు. "తిడుతున్నదక్కా. ఏటికి ఆయనది అటు ఒడ్డంట, ఈమెది ఇటు ఒడ్డంట. అటోళ్లు మాట సివర మింగుతరట. మంచిగ మాట్లాడు అంటున్నది."

గంట దాటింది. కమలాల ధర, ఎవరి పెళ్లిలోనో వాన, పందుల దొంగ. ఇవీ వాళ్లు మాట్లాడుకున్నవి. నా మనసు ఊరుకోలేదు. ఆవిడకు ప్రార్థన కావాలేమో అడగమన్నాను. మోయ్ తనకు ప్రార్థన రాదని మొదటే చెప్పాడు, అయినా అడిగాడు. పోపో నా వైపు చూసి చెప్పిన జవాబు రెండు భాషలు దాటి నా దగ్గరికి ఇలా వచ్చింది: "దేవునితో నేను రోజూ మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన సంగతి నాకు వదిలెయ్యమను. ఈ పిల్లవాణ్ణి ఇంకాసేపు ఉండమను."

భోజనం వేళయింది. మిన్ గంజి, మోయ్ తెచ్చిన ఉప్పుచేప వడ్డించింది. వాసన అచ్చం మా ఇంటిదే. మిన్ చేతులు ఒళ్లో పెట్టుకుంది. పోపో గిన్నె వైపు చూసింది. బొంగురు గొంతుతో ఆ మాట అంది. "ఆ మా, హియాక్ ఫాన్."

మోయ్ చేతిలోని అన్నం తినే పుల్లలు బల్ల మీద పెట్టేశాడు. ముసలావిడను ఏదో అడిగాడు. ఆవిడ మామూలుగా, చేప ముల్లు తీసుకుంటూ చెప్పింది. ఆయన మిన్ వైపు తిరిగి ఆమె భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. మిన్ మొహం రంగు మారడం చూశాను. లేచి వంటగదిలోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, చాలాసేపు కట్టలేదు.

రాజమల్లు గొంతు తగ్గించాడు. "తిట్టు గాదక్కా. 'అమ్మా, అన్నం తిను' అని. కొడుకు రోజు అనే మాట. ఆళ్ల దిక్కు చిన్నోళ్లు వరస పెట్టి పిల్వనిదే పెద్దోళ్లు బువ్వల చెయ్యి పెట్టరట. కొడుకు పోయినంక పిలిచేటోళ్లు లేరు. గీ కోడలు ముట్టకుంట కూసుంటది. ఆమెకు ఆకలైతదని, ఈ అవ్వనే కొడుకు లెక్క గొంతు జేసి, తనను తను పిల్సుకుంటున్నది."

గ్రేసు మొహం పక్కకు తిప్పుకుంది.

మిన్ తిరిగి వచ్చాక తన వైపు సంగతి చెప్పింది. వాళ్ల ఉత్తరాన పెద్దలు మొదలుపెట్టేదాకా పిల్లలు నోరు మెదపకూడదట. పిలవడం కూడా తొందరపెట్టినట్టేనట. తను మర్యాదగా ఎదురుచూసింది. అత్తేమో తన పిలుపు కోసం ఎదురుచూసింది. మూడేళ్లు ప్రతి సాయంత్రం ఇద్దరూ ఆకలితో ఒకరినొకరు గౌరవించుకున్నారు. బాబెలు గోపురం దగ్గర భాషలు తారుమారైన సంగతి పిల్లలకు నవ్వుతూ చెబుతాను, ఇటుక అడిగితే నీళ్లు తెచ్చారని అభినయిస్తూ. ఈ ఏడు అలా చెప్పలేకపోయాను.

ఒక్క మెట్టు

మోయ్‌కు మళ్లీ సెలవు ఎప్పుడో తెలియదు. వెళ్లేముందు వంటగదిలో మిన్‌కు ఆ మాట నేర్పాడు. తర్వాతి రోజుల్లో ఆమె నా దగ్గర సాధన చేసింది, ఎందుకంటే ఆయన పలికిన ఎత్తు నా చెవిలో ఉంది. ఆ ఎత్తును చెప్పే మాట మా ఇద్దరి ఇంగ్లీషులోనూ లేదు. నేను చెయ్యి గాల్లో పెట్టి ఎత్తు చూపించేదాన్ని, చిన్నపిల్లలకు స్వరం చూపినట్టు. మొదటి మూడూ ఒకే వరసలో నడవాలి. చివరి మాట, అన్నం అనే మాట, చిన్నగా దిగాలి. నాకయితే మన అలవాటు అడ్డొచ్చింది. మనం అమ్మను అన్నానికి పిలిస్తే చివర సాగదీసి పైకి ఎత్తుతాం. మిన్‌కు తన భాష అడ్డొచ్చింది. ఆమె దగ్గర అదే మాట మిద్దె మీద నుంచి దూకినట్టు పడుతుంది, గదమాయించినట్టు. "ఒక్క మెట్టే. ఒక్క మెట్టే దిగు," అని నేను అరచెయ్యి కాస్త కిందికి దించి చూపేదాన్ని. ఆమె ఏడుస్తూ దిగేది.

ఒక సాయంత్రం బల్ల దగ్గర, పోపో నోరు తెరిచేలోపు, మిన్ అంది. "ఆ మా, హియాక్ ఫాన్." సరిగ్గా అంది. ఒక్క మెట్టే దిగింది.

పోపో తలెత్తి తలుపు వైపు చూసింది. కోడలి వైపు కాదు. తలుపు వైపే, ఎంతసేపో. మూసిన తలుపు మూసినట్టే ఉంది. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు గంజిలో పడ్డాయి. తర్వాత మిన్ వైపు తిరిగి చిన్న మాట అంది. ఆ మాట నాకు చెప్పగలిగేవాళ్లు ఎవరూ పక్కన లేరు. మిన్‌కు మాత్రం తెలుసు, ఆ జవాబు కూడా మోయ్ ముందే నేర్పి వెళ్లాడట: నువ్వూ తిను. తనను తాను పిలుచుకున్నన్నాళ్లూ ఆవిడకు ఆ జవాబు చెప్పే అవసరం రాలేదు.

ఆ తర్వాత పోపో బొంగురు గొంతు చేయలేదు. ఆ మాట మళ్లీ ఆవిడ నోట రాలేదు. మేం ఆమెకు మేలు చేశామో, ఆమె నోట్లో మిగిలి ఉన్న కొడుకు గొంతును కూడా తీసేశామో, మోకాళ్ల మీద ఎంత అడిగినా నాకు జవాబు రాలేదు. మిన్ ప్రతి సాయంత్రం పిలిచింది. పోపో మొదట నాలుగు చెంచాలు, తర్వాత రెండు, తర్వాత పెదవులు తడుపుకోవడం. చివరి రోజుల్లో మంచం దగ్గరే పిలిచేది, ఆవిడ కళ్లతో ఊఁ అనేది. ఒక మధ్యాహ్నం, మిన్ దుకాణంలో ఉండగా, గ్రేసు చెయ్యి పట్టుకుని ఉండగా ప్రభువు పిలుపు వచ్చింది. అది ఏ ఎత్తులో వచ్చిందో ఆవిడకే తెలుసు.

ఇసుక

ముస్లిమేతరుల శ్మశానం ఊరికి దూరంగా, ఇసుకలో, తుమ్మల మధ్య ఉంది. మా ఊళ్లో అయితే సమాధికి పిడికెడు మట్టి వేస్తాం. ఇక్కడ వేసిన ఇసుక గాలికి మన మీదికే తిరిగి వచ్చింది. పాస్టరు గారు కాక వచ్చింది పది మందిమి: మిన్, ఆమె దుకాణం పక్కవాళ్లు ఇద్దరు, మిస్టర్ లౌ, కరామా అమ్మాయిలు, నేను, రాజమల్లు. అతను విగ్రహాలకు మొక్కేవాడే అయినా చెప్పులు విడిచి, ఎండకు వేడెక్కిన ఇసుకలో నిలబడ్డాడు. మోయ్‌కు ముదీర్ సెలవివ్వలేదు.

మా తెలుగు పాస్టరు గారు వాక్యం చదివారు. మిస్టర్ లౌ తన భాషలో ప్రార్థించాడు. పాట ఎత్తమని అందరూ నా వైపు చూశారు. నేను పాటల పుస్తకం మూసేశాను. ఆ పెట్టెలో ఉన్నామె సొంత ఊరి మాట ఇంతవరకూ ఒక్కటీ ఎవరూ అనలేదన్న సంగతే నా మనసులో తిరుగుతోంది. మట్టి పూడ్చేవాళ్లు పారలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్లలో ఒకడు "ఖలాస్?" అని, అయిపోయిందా అన్నట్టు అడిగాడు.

మిన్ ముందుకు వచ్చింది. గుంట అంచున మోకరించి, పెదవులు కనబడేలా వంగింది. అత్త భాషలో ఆమె నోట పలికే మాట అదొక్కటే.

"ఆ మా, హియాక్ ఫాన్."

మిన్ అలాగే వంగి ఉంది, జవాబు వచ్చేదాకా లేవకూడదన్నట్టు. అప్పుడు నా వెనక గ్రేసు "ఆమెన్" అంది. తర్వాత విజయ, కాకినాడ పిల్లలు, మిస్టర్ లౌ, పాస్టరు గారు. అర్థం తెలిసే అన్నారు. ఆఖరున నేనూ అన్నాను.